ఇంజిన్ ఆయిల్‌లో లోహపు రజను కనిపిస్తే ఏ పరీక్షతో మొదలుపెట్టాలి?

ఆయిల్ మార్చేటప్పుడు పళ్ళెంలోకి దిగిన నల్లటి నూనెలో ఎండకు తళుకు కనిపించిందంటే, కారు యజమానికి షెడ్డులో సాధారణంగా రెండే సలహాలు వినిపిస్తాయి. "ఏం కాదు సార్, ఫ్లష్ కొట్టి కొత్త ఆయిల్ పోద్దాం" అన్నది ఒకటి. "ఇంజిన్ పోయింది, దించాల్సిందే" అన్నది మరొకటి. ఈ రెండింటి మధ్య కనీసం ఐదు పరీక్షలున్నాయి: ఫిల్టర్‌ను విప్పి చూడటం, ఆయిల్ నమూనాను ప్రయోగశాలకు పంపడం, ఆయిల్ ప్రెషర్‌ను గేజ్‌తో కొలవడం, సిలిండర్లకు కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) పరీక్ష లేదా లీక్‌డౌన్ (గాలి ఎక్కించి అది ఎక్కడ కారుతోందో చూసే) పరీక్ష చేయించడం, ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టిని, అంటే చాంబర్‌ను, కింది నుంచి విప్పి బేరింగులు చూడటం. వీటిలో ఒకటి చేయిస్తే మిగిలినవి అక్కర్లేదని అనుకోవడానికి వీల్లేదు. ఒక్కో పరీక్ష ఇంజిన్‌లో ఒక్కో భాగాన్నే చూడగలదు, మిగతా భాగాల విషయంలో మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని "అంతా బాగుంది" అన్న సమాధానంగా తీసుకోవడం వల్లనే చాలా డబ్బు వృథా అవుతుంది. కాబట్టి పరీక్షను దాని ఖరీదును బట్టి కాకుండా, కనిపించిన రజను ఎంత పెద్దది, అది ఏ లోహం అన్న రెండు విషయాలను బట్టి ఎంచుకోవాలి.

ముందుగా మన ఇంజిన్‌లో ఏ లోహం ఎక్కడ ఉందో తెలిసి ఉండాలి. ఇనుము దాదాపు ఎక్కడి నుంచైనా రావచ్చు: సిలిండర్ గోడలు, క్రాంక్‌షాఫ్ట్, క్యామ్‌షాఫ్ట్, టైమింగ్ చైను, ఆయిల్ పంపు పళ్ళు అన్నీ ఇనుము, ఉక్కులతో చేసినవే. అల్యూమినియం పిస్టన్ల నుంచి, సిలిండర్ హెడ్‌లో క్యామ్‌షాఫ్ట్ తిరిగే చోట్ల నుంచి, కొన్ని రకాల బేరింగుల నుంచి వస్తుంది. రాగి, తగరం, పాత ఇంజిన్లలో సీసం కూడా కలిసి కనిపిస్తే క్రాంక్ బేరింగులను అనుమానించాలి. పసుపు ఛాయ గల కంచు రజను అయితే కనెక్టింగ్ రాడ్ పైచివర ఉండే బుష్ నుంచో, టర్బో లోపలి బేరింగుల నుంచో రావచ్చు. క్రోమియం చాలా వరకు పిస్టన్ రింగులదే.

ఇంజిన్ మారితే ఈ పటం కూడా మారుతుంది. మన రోడ్ల మీద ట్యాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగిన 1248 సీసీ మల్టీజెట్ డీజిల్ ఇంజిన్‌ను తీసుకుందాం. మారుతి దీన్ని డీడీఐఎస్ పేరుతోను, టాటా క్వాడ్రాజెట్ పేరుతోను అమ్మాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లను ఆపేసినా, సెకండ్ హ్యాండ్ సంతలో ఇవి ఇప్పటికీ విరివిగా చేతులు మారుతున్నాయి. దీని బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. అంటే ఈ బండి ఆయిల్‌లో అల్యూమినియం దొరికితే అది సిలిండర్ గోడలది కానే కాదు. పిస్టన్లు, హెడ్ పైభాగం, బేరింగులు ప్రధానంగా లెక్కలోకి వస్తాయి. మారుతి కే సిరీస్ పెట్రోల్ ఇంజిన్లలో బ్లాకు అల్యూమినియమే అయినా, పిస్టన్ ఆడే చోట ఇనుప లైనర్లు ఉంటాయి. ఇంత మాత్రం తెలిసి ఉన్నా సగం అనుమానాలు పరీక్షకు ముందే తొలగిపోతాయి.

రజను పరిమాణం ఎందుకు ముఖ్యమో ఇక్కడే చెప్పాలి. మామూలు కంటికి సుమారు 40 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పైబడిన రేణువులే విడివిడిగా కనిపిస్తాయి. ప్రయోగశాలలో నూనెలోని లోహాలను కొలిచే స్పెక్ట్రోమీటరు అందుకు పూర్తిగా భిన్నంగా, దాదాపు 5 నుంచి 10 మైక్రాన్ల కంటే చిన్నవాటినే సరిగ్గా లెక్కించగలదు. అంతకంటే పెద్దవి దాని మంటలో పూర్తిగా ఆవిరి కావు కనుక లెక్కలోకి రావు. అందువల్ల చేతిలో రేకులు కనిపిస్తున్న ఇంజిన్‌కు కూడా ప్రయోగశాల నుంచి ధైర్యం చెప్పే నివేదిక రావచ్చు. కంటికి కనిపించిన రజనును గుర్తించడానికి ప్రయోగశాలను ఆశ్రయించడం, కంటికి అందని అరుగుదలను ఫిల్టర్‌లో వెతకడం రెండూ తప్పు మార్గాలే.

ఫిల్టర్‌ను విప్పి చూడటం

కంటికి తళుకు కనిపించిన ప్రతి సందర్భంలోనూ మొదటి పరీక్ష ఇదే కావాలన్నది నా గట్టి అభిప్రాయం. ఖర్చు లేదు, గంటలో పూర్తవుతుంది, పైగా గత కొన్ని వేల కిలోమీటర్ల చరిత్ర అంతా ఆ మడతల కాగితంలోనే చిక్కుకుని ఉంటుంది. పళ్ళెంలోని నూనె చెప్పేది ఈ పూట సంగతి మాత్రమే.

మల్టీజెట్ వంటి ఇంజిన్లలో ఫిల్టర్ కాగితపు కార్ట్రిడ్జ్‌గా వస్తుంది కనుక నేరుగా బయటికి తీసి మడతలు విప్పవచ్చు. రేకు డబ్బాలాగా ఉండి మరతో బిగించే ఫిల్టర్ అయితే దాన్ని కోయాలి, కానీ రంపంతో కోయరాదు. రంపపు పొట్టు లోపల పడితే మనం తయారు చేసిన రజనునే మనం పరీక్షించుకుంటాం. గుండ్రంగా తిప్పుతూ అంచు వెంట కోసే ఫిల్టర్ కట్టర్ వాడాలి. అది లేకపోతే లేత్ షాపులో అంచు తీయించుకోవచ్చు గాని, అప్పుడు కూడా పొట్టు లోపలికి పోకుండా చూడాలి.

కాగితాన్ని కత్తితో రెండు చివరలా వేరు చేసి, నూనె పిండి, శుభ్రమైన డీజిల్‌లో గాని కిరోసిన్‌లో గాని ఝాడించి, ఆ ద్రవాన్ని తెల్లని గుడ్డ మీద వడకట్టాలి. వాడిన ఇంజిన్ ఆయిల్ చర్మానికి మంచిది కాదు కనుక చేతికి గ్లవ్స్ ఉండాలి. తరువాత బలమైన అయస్కాంతాన్ని పల్చని ప్లాస్టిక్ సంచిలో చుట్టి గుడ్డ మీద మెల్లగా నడిపితే ఇనుము పైకి లేస్తుంది, మిగిలినది కిందే ఉంటుంది. సంచిని తిరగేస్తే ఇనుము విడిగా చేతికి వస్తుంది.

అయస్కాంతానికి అంటుకున్నది నల్లని మెత్తటి ముద్దలా ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఆడే ఇంజిన్‌లో ఆ మాత్రం అరుగుదల సహజం, కొత్త ఇంజిన్‌లో మరికొంచెం ఎక్కువే ఉంటుంది. సూదుల్లా, ముల్లుల్లా, అంచులు పదునుగా ఉన్న ముక్కలు దొరికితే చైను, స్ప్రాకెట్లు, ఆయిల్ పంపు వైపు చూడాలి. అయస్కాంతానికి అంటని, పల్చని, చదునైన, వెండి రంగు రేకులు దొరికితే అవి బేరింగువని ముందుగా అనుమానించాలి. అవి కాదని తేలేదాకా బండి తిప్పకపోవడమే మంచిది. ముక్క ముక్కగా మందంగా ఉన్నదేదైనా విరిగిన భాగం కావచ్చు గనుక దాన్ని పారేయకుండా దాచాలి.

ఈ పరీక్షలో పొరపాటు పడేది ఎక్కువగా లోహం కాని వాటి వల్లనే. గట్టిపడిన కార్బన్ పలుకులు వెలుతురులో లోహంలా మెరుస్తాయి. తెల్ల కాగితం మీద గోటితో నొక్కితే అవి పొడి అయి నల్లని గీత పెడతాయి, లోహం పొడి కాదు. మాలిబ్డినం కలిపిన ఆయిల్ మందులు వాడిన బండిలో నూనెకు ఉక్కు ఛాయ రావడం కూడా ఉంది. గోధుమ రంగు, నలుపు ప్లాస్టిక్ ముక్కలు దొరికితే టైమింగ్ చైను గైడ్లు అరుగుతున్నాయని అర్థం. గ్యాస్కెట్ పనిలో ఎక్కువగా పూసిన సిలికాన్ పేస్టు తీగల్లా ఊడి రావడం మన షెడ్లలో అరుదేమీ కాదు. ఇది లోహం కాదని తేలిగ్గా తీసేయకూడదు: ప్లాస్టిక్ ముక్కలు, పేస్టు తీగలు చాంబర్‌లో పంపు నూనె పీల్చుకునే జాలీకి అడ్డం పడితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, బేరింగులు దాని తరువాతే పోతాయి. రజనుకు మూలం బేరింగే అయినా, ఆ బేరింగు పోవడానికి మూలం పాత గ్యాస్కెట్ పని కావచ్చు.

అయస్కాంతానికి అంటని వెండి రంగు రజను అల్యూమినియమా కాదా తేల్చడానికి కాస్టిక్ సోడా ద్రావణం ఒక పాత ఉపాయం. నూనె జిడ్డు పూర్తిగా పోయేలా కడిగిన రజనును అందులో వేస్తే అల్యూమినియం బుడగలు కక్కుతూ కరిగిపోతుంది. రాగి, ఉక్కు కదలవు. కళ్ళద్దాలు, రబ్బరు గ్లవ్స్ లేకుండా దీని జోలికి పోకూడదు, బుడగల్లో వచ్చేది హైడ్రోజన్ కనుక దగ్గర్లో నిప్పు ఉండరాదు. అయితే బుడగలు వచ్చినంత మాత్రాన పిస్టన్లదే తప్పనడానికి లేదు. ఇప్పటి చాలా కార్లలో బేరింగుల పైపొర కూడా అల్యూమినియం, తగరాల మిశ్రమమే.

ప్రయోగశాలకు పంపడం

కంటికి ఏమీ కనిపించకపోయినా అనుమానం ఉన్నప్పుడు, లేదా ఫిల్టర్‌లో మెత్తటి ముద్ద తప్ప మరేమీ లేనప్పుడు ఈ మార్గం బాగా ఉపయోగపడుతుంది. 1940ల్లో అమెరికా రైల్వేలు డీజిల్ ఇంజిన్ల ఆరోగ్యాన్ని ఇలా చూడటం మొదలుపెట్టాయి. ఇప్పుడు లారీలు, జనరేటర్లు, గనుల యంత్రాలు ఉన్న సంస్థలు దీన్ని క్రమం తప్పకుండా వాడుతున్నాయి. సొంత కారు ఉన్నవారు ఒక్కసారి మాత్రం పంపి తీర్పు ఆశించడంలోనే దీని పరిమితి ఉంది. నివేదికలో ఇనుము ఇన్ని పీపీఎం (పది లక్షల్లో ఇన్ని వంతులు) అని ఒక సంఖ్య వస్తుంది గాని, ఆ ఆయిల్ 3,000 కిలోమీటర్లు తిరిగిందా, 12,000 తిరిగిందా అన్నది తెలియకపోతే ఆ సంఖ్యకు అర్థం లేదు. వరుసగా రెండు మూడు ఆయిల్ మార్పుల నివేదికలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అది విలువైన సమాచారం.

నమూనా తీసే పద్ధతి తప్పితే అంతా తప్పుతుంది. ఇంజిన్ వేడిగా ఉండగా, డ్రెయిన్ బోల్ట్ తీశాక వచ్చే మొదటి ధారను వదిలేసి, మధ్యలో వచ్చే నూనెను శుభ్రమైన సీసాలో పట్టాలి. అడుగున చేరిన మడ్డి గాని, పళ్ళెంలో పడి ఉన్న నూనె గాని పంపరాదు. సీసాతో పాటు ఆయిల్ పేరు, గ్రేడు, అది తిరిగిన దూరం, మధ్యలో ఎంత టాప్ అప్ చేశారన్నది రాసి పంపాలి.

నివేదికను ఒక్కొక్క లోహంగా కాక జంటలుగా చదవాలి. ఇనుముతో పాటు క్రోమియం, అల్యూమినియం పెరిగితే రింగులు, పిస్టన్లు, సిలిండర్ గోడలు కలిసి అరుగుతున్నట్టు. సిలికాన్, అల్యూమినియం జోడీగా పెరిగితే ముందు ఎయిర్ ఫిల్టర్‌ను, దాని పైపు క్లిప్పులను చూడాలి. మట్టిలో ఉండేవి ప్రధానంగా ఆ రెండే కనుక, దుమ్ము ఇంజిన్‌లోకి పోతోందని అర్థం. వేసవిలో కంకర రోడ్ల మీద తిరిగే బండ్లకు ఇది చాలా తరచుగా వర్తిస్తుంది. సిలికాన్ ఒక్కటే పెరిగి, ఈమధ్య గ్యాస్కెట్ పని జరిగి ఉంటే అది పేస్టుది కావచ్చు. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ లోపలికి కారుతోందేమో చూడాలి. కూలెంట్ కలిసిన నూనె బేరింగులను తినేస్తుంది, అప్పుడు బేరింగులు మార్చి కారుడు ఆపకపోతే మళ్ళీ అదే కథ. రాగి ఒక్కటే పెరిగి తక్కినవి కదలకపోతే, ముఖ్యంగా కొత్త బండిలో, అది ఆయిల్ కూలర్ నుంచి కరిగి వస్తున్నది కావచ్చు, అరుగుదల కాదు. నెలల తరబడి కదలకుండా నిలిపిన కారులో ఇనుము పెరగడం తుప్పు వల్ల కూడా జరుగుతుంది. సీసం లేదు కనుక బేరింగులు బాగున్నాయనే వాదన ఇప్పటి కార్లకు చెల్లదు, చాలా వాటిలో సీసం లేని బేరింగులే వాడుతున్నారు.

కొన్ని ప్రయోగశాలలు ఇనుప రజను మొత్తాన్ని రేణువుల పరిమాణంతో నిమిత్తం లేకుండా అయస్కాంత పద్ధతిలో కొలిచే పీక్యూ సూచికను కూడా ఇస్తాయి. అది ఉన్నచోట అదనంగా అడిగి చేయించుకోవాలి. ఇనుము పీపీఎం తక్కువగా ఉండి, పీక్యూ ఎక్కువగా ఉందంటే పెద్ద ముక్కలు వస్తున్నాయన్న మాట.

ఆయిల్ ప్రెషర్, కంప్రెషన్ పరీక్షలు

డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు వెలగలేదు కనుక ప్రెషర్ బాగుందనుకోవడం ప్రమాదం. చాలా కార్లలో ఆ లైటు స్విచ్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ దగ్గర మాత్రమే వెలుగుతుంది. అంటే 7 పీఎస్‌ఐ కంటే కిందకు పడేవరకు అది చెప్పదు. ఆ స్విచ్ విప్పి, దాని స్థానంలో మెకానికల్ గేజ్ బిగించి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లోను, 2,000 ఆర్‌పీఎమ్ దగ్గరా కొలిచి, కంపెనీ మాన్యువల్‌లోని సంఖ్యతో పోల్చాలి. చల్లటి ఇంజిన్ మీద తీసిన రీడింగు ఎవరినైనా మోసం చేస్తుంది, ఎందుకంటే చిక్కటి నూనె అరిగిన బేరింగుల్లో కూడా ప్రెషర్ చూపిస్తుంది.

ప్రెషర్ తక్కువ వచ్చిందంటే నేరుగా బేరింగులనే అనలేము. పంపు, రిలీఫ్ వాల్వు, జాలీ మూసుకుపోవడం, నూనె పల్చబడటం అన్నీ అవే లక్షణాలు చూపిస్తాయి. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బీఎస్6 డీజిల్ కార్లు ఊళ్ళో చిన్న దూరాలే తిరిగితే, ఆ ఫిల్టర్ శుద్ధి కోసం చిమ్మిన డీజిల్ కొంత కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద నూనె తగ్గకుండా పెరుగుతూ ఉంటే అదే కారణం కావచ్చు. అయితే వెండి రేకులు, తక్కువ ప్రెషర్ రెండూ కలిసి ఉంటే మరో పరీక్షకు పోకుండా చాంబర్ విప్పాలి.

కంప్రెషన్ పరీక్ష గురించి ఒక్క మాట చాలు: బేరింగులు ఎంత పాడైనా కంప్రెషన్ బాగానే రావచ్చు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసి దొరికినప్పుడో, బండి పొగ వేస్తూ ఆయిల్ తాగుతున్నప్పుడో మాత్రమే దీనికి డబ్బు పెట్టాలి. అప్పుడు కూడా మామూలు కంప్రెషన్ కంటే లీక్‌డౌన్ ఎక్కువ చెబుతుంది, గాలి ఆయిల్ క్యాప్ దగ్గర వినిపిస్తే రింగులు, సైలెన్సర్‌లో వినిపిస్తే వాల్వులు. ఇంజెక్టర్ లేదా ప్లగ్ రంధ్రంలోంచి బోర్‌స్కోప్ కెమెరా దించి సిలిండర్ గోడల మీద నిలువు గీతలు పడ్డాయేమో చూసే సదుపాయం ఉంటే ఇంకా మంచిది.

చాంబర్ విప్పడం

ఖర్చు, శ్రమ ఎక్కువైనా సందేహానికి తావివ్వని పరీక్ష ఇది. చాలా కార్లలో ఇంజిన్‌ను దించకుండానే కింద నుంచి చాంబర్ తీసి, కనెక్టింగ్ రాడ్ల కింది క్యాపులు ఒక్కొక్కటిగా విప్పి బిగ్ ఎండ్ బేరింగులు చూడవచ్చు. చాంబర్ అడుగు, జాలీ రెండూ మొదట చూడాలి. ఫిల్టర్ దాకా చేరని పెద్ద ముక్కలు అక్కడే పడి ఉంటాయి.

రాగి పొర ఉన్న బేరింగు చిప్ప మీద ఒకే బూడిద రంగు ఉంటే పైపొర నిలిచి ఉన్నట్టు. రాగి రంగు బయటపడిందంటే మిల్లీమీటరులో వందో వంతు స్థాయిలో ఉండే ఆ పైపొర పోయినట్టు. గోటికి తగిలే గీతలు ఉంటే నూనెలో గట్టి రజను తిరిగిందని గుర్తు. ఒక్క చిప్పే పోయి మిగిలినవి బాగుంటే ఆ రాడ్, ఆ జర్నల్ (క్రాంక్ మీద బేరింగు ఆడే భాగం), దానికి నూనె వెళ్ళే రంధ్రం చూడాలి. అన్నీ సమానంగా అరిగితే నూనె, ప్రెషర్ వైపు చూడాలి. ఒక రాడ్ క్యాపును మరో దానికి మార్చకూడదు, తిరగేసి బిగించకూడదు. చాలా ఇంజిన్లలో రాడ్ బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవే వేయాలని కంపెనీ చెబుతుంది గనుక, చూడటానికి విప్పించే ముందే కొత్త బోల్టులు తెప్పించి పెట్టుకోవాలి. ఈ విషయాన్ని "పాతవే చాలు" అని దాటవేసే షెడ్డులో ఈ పని చేయించకూడదు.

టర్బో ఉన్న ఇంజిన్‌లో కంచు రజను దొరికితే చాంబర్ కంటే ముందు టర్బో గొట్టం విప్పి షాఫ్ట్‌ను వేలితో కదిపి చూడటం తేలిక. పక్కలకు కాస్త కదలడం మామూలే. ముందుకు వెనక్కి కదలిక చేతికి తెలిసిందంటే దాన్ని మార్చాలి.

ఎవరికి ఏది

కొత్త బండి, వారంటీలో ఉన్నది అయితే పై పరీక్షలేవీ సొంతంగా చేయించవద్దు. బయట కోసిన ఫిల్టర్ తరువాత వాదనకు కారణమవుతుంది. అధీకృత సర్వీస్ కేంద్రంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఫిల్టర్‌ను మీ ఎదుటే విప్పమని కోరి, ఫొటోలు తీసుకోండి. మొదటి ఆయిల్ మార్పులో మెత్తటి ముద్ద ఉండటం సహజమని మాత్రం గుర్తుంచుకోండి.

రోజూ 200 కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీ యజమానికి ఫిల్టర్ పరీక్షను ప్రతి ఆయిల్ మార్పులోనూ అలవాటు చేసుకోవడం, ప్రెషర్ గేజ్ ఒకటి కొనుక్కోవడం ప్రయోగశాల కంటే మేలు. బండి ఆగిన రోజు నష్టమే ఆయనకు అసలు ఖర్చు. వారానికోసారి బయటికి తీసే కారుకు, వినిపించే శబ్దం ఏమీ లేనప్పుడు, ప్రయోగశాల మార్గం సరిపోతుంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు ఆయిల్ మార్పించి ఫిల్టర్ చూసుకునే షరతు పెట్టవచ్చు. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే, ఒప్పుకోకపోవడమే సమాధానంగా తీసుకోవాలి. ఇంజిన్‌లో కొట్టుకునే శబ్దం వస్తూ వెండి రేకులు కూడా కనిపిస్తే, ఎవరి బండి అయినా, దాన్ని నడుపుకుంటూ కాక లాగించుకుని షెడ్డుకు చేర్చాలి. ఆ స్థితిలో ఒక్క పది కిలోమీటర్లు కూడా బేరింగు ఖర్చును క్రాంక్ ఖర్చుగా మార్చగలవు.

ఫ్లష్ విషయంలో నాది ఒకే మాట. మూలం తెలియకముందు ఫ్లష్ కొట్టించడం ఆధారాన్ని కడిగేయడమే, పైగా పల్చటి ద్రావణం మీద అరిగిన బేరింగులు మరింత దెబ్బతింటాయి. చిక్కటి ఆయిల్ పోసి శబ్దం తగ్గించడం కూడా అమ్మేవాడికి పనికొచ్చే ఉపాయమే గాని ఉంచుకునేవాడికి కాదు.

బేరింగే మూలమని తేలాక క్రాంక్ గ్రైండింగ్ చేయించడమా, మార్చడమా అన్నది కొలత మీద ఆధారపడుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల గ్రైండింగ్, లేత్ పనులు నమ్మకంగా చేసేవారున్నారు. అయితే పని ఇచ్చే ముందు మీ ఇంజిన్‌కు 0.25 మిల్లీమీటర్ల అండర్‌సైజు బేరింగులు (గ్రైండింగ్‌తో సన్నబడిన క్రాంక్‌కు సరిపోయేవి) నిజంగా దొరుకుతాయో లేదో కనుక్కోవాలి. కొన్ని కొత్త ఇంజిన్లకు కంపెనీలు వాటిని ఇవ్వవు. ఏ దారి ఎంచుకున్నా ఆయిల్ కూలర్‌ను కడిగి తిరిగి వాడకుండా కొత్తది వేయించాలి, ఎందుకంటే దాని సన్నటి దారుల్లో చిక్కిన రజను పూర్తిగా బయటికి రాదు. టర్బోకు వెళ్ళే ఆయిల్ పైపును, జాలీని, బ్లాకులోని నూనె దారులను తెరిచి శుభ్రం చేయించాలి. కొత్త బేరింగులతో 500 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్ మార్పించి, ఫిల్టర్‌ను మళ్ళీ విప్పి చూడాలి. అందులో వెండి రేకులు తిరిగి కనిపిస్తే శుభ్రం చేసిన పని సరిగ్గా జరగలేదనో, అసలు మూలం మరెక్కడో ఉందనో అర్థం.